పాత ఇంజనే చాలు

సరస్సు నడిమధ్యలో ఇంజను మళ్లీ ఆగిపోయింది.

ఒసేవే తాడు గుంజాడు. ఇంజను గుర్రుమని ఊరుకుంది. ఇంకోసారి గుంజాడు. ఈసారి ఆ గుర్రు కూడా లేదు.

సంతరోజు. పడవ నిండా మనుషులు, టమాటా బుట్టలు, ఎండు చేపల బస్తాలు, కాళ్లు కట్టేసిన కోళ్లు. గాలికి పడవ మెల్లగా పక్కకు కొట్టుకుపోతోంది.

"తాతా, ఈ ఇంజన్ని ఎప్పుడు పాతిపెడతావు? మమ్మల్నందర్నీ పాతిపెట్టాకా?" టమాటాలమ్మే రొజాలియా అరిచింది.

ఒసేవే మూత తీసి, ప్లగ్గు విప్పి, చొక్కా అంచుతో తుడిచి, వేలితో తడిమి మళ్లీ బిగించాడు. ఏళ్ల తరబడి ఆయన చేతుల్లో నలిగిన ఇంజను అది. ఏ మర ఎక్కడుందో ఆయన వేళ్లకే తెలుసు.

పడవ ముందు కొసన కూర్చున్న ఆయన భార్య నెరియా మాత్రం నోరు మూయలేదు. వయసు మీద పడ్డాక ఆమెకు వాగుడు పట్టుకుందని దీవంతా అనుకుంటారు.

"అయ్యో, గుర్రపుడెక్క ఎంతమేర కమ్ముకొచ్చిందో! ఎడంపక్కంతా అదే. కుడిపక్క జబ్లోన్ వల గుంజలు చూడండమ్మా, తాగి పాతినట్టు ఎంత వంకరో!"

"మేం చచ్చేలా ఉంటే నీకు గుంజల గోలేంటి అత్తా?" ఎవరో విసుక్కున్నారు.

ఇంజను అందుకుంది. ఒసేవే పిడి తిప్పి, గుర్రపుడెక్కకూ గుంజలకూ మధ్యనుంచి పడవను ఒడ్డుకు చేర్చాడు.

సాయంత్రం ఒడ్డున పడవ సంఘం కూర్చుంది. నెరియా ఒసేవే చెయ్యి పట్టుకుని వచ్చింది.

"చూశారా, ఇంకా కొత్త పెళ్లికూతురే!" అని రొజాలియా అందర్నీ నవ్వించింది.

మెకానిక్కు ఒమొలో ఇంజను విప్పి గోనెపట్టా మీద పరిచాడు. "పిస్టను అరిగిపోయింది. లోపల గోడలన్నీ గీరుకుపోయాయి. బాగుచెయ్యమంటే చేస్తా, వానలదాకా లాగుతుంది. ఆ తర్వాత నన్ను తిట్టొద్దు."

"బాగుచెయ్యి" అన్నాడు ఒసేవే వెంటనే.

సంఘం పెద్ద జబ్లోన్ నచ్చజెప్పబోయాడు. "ఎందుకు మామా? అవతలి ఒడ్డు చర్చివాళ్లు కొత్తది ఊరికే ఇస్తామంటున్నారు. దీనికి మూడింతల జోరు. మొన్న రొజాలియా కోడలు నడినీళ్లలోనే కనింది. బిడ్డ బతికింది కాబట్టి సరిపోయింది."

ఆ రోజు ఒసేవే మరిచిపోలేదు. ఆ కోడలిపిల్ల మూలుగు ఇంకా చెవుల్లోనే ఉంది. తాడు గుంజి గుంజి అరచెయ్యి చీరుకుపోయింది.

"పాత ఇంజనే చాలు. నా చేతికి అలవాటైంది" అన్నాడు. తన మాట తనకే చంటిపిల్లాడి మారాంలా వినిపించింది.

"కొత్తదంటే తాతకి దడ!" వెనక నుంచి ఎవరో అన్నారు. ఒడ్డంతా నవ్వింది.

"నవ్వకండర్రా" అని కసిరాడు జబ్లోన్. "ఈ నీళ్లలో ప్రతి బండా మామకు తెలుసు. కొత్త ఇంజను దగ్గరా మామే కూర్చుంటాడు. ఇంకెవర్నీ ఆ పీట ముట్టనివ్వను. మాటిస్తున్నా."

అందరూ చప్పట్లు కొట్టారు. పీట ఇంకొకరికి అప్పగించి తప్పుకోవడానికి ఉన్న ఆ ఒక్క దారినీ మర్యాదగా మూసేశారు.

ఇంటికెళ్లాక నెరియా మొక్కజొన్నపిండితో వండిన ఉగాలి ముద్ద ఆయన చేతిలో పెట్టింది. "చేతకాదని చెప్పెయ్యి. పడవ దిగిపో."

"దిగి ఏం తినాలి? ఎవరి గుమ్మంలో కూర్చోవాలి?"

"మరి పడవెక్కే వాళ్ల సంగతి?"

ఆయన ముద్దను తిరిగి ఆమె చేతిలోనే పెట్టేశాడు.

తర్వాతి సంతనాడు చెప్పేద్దామనే ఒడ్డుకొచ్చాడు. జబ్లోన్‌ను పేరు పెట్టి పిలిచాడు కూడా. ఆ పిలుపు కొత్త ఇంజను వచ్చిన సంబరపు పాటల్లో కలిసిపోయింది. పడుచువాళ్లు ఆయన్ని అమాంతం ఎత్తి పీట మీద కూర్చోబెట్టారు. కొత్త రంగు వాసన, కొత్త రబ్బరు వాసన. పిడి నున్నగా, చల్లగా, పరాయివాడి చెయ్యిలా ఉంది.

ఒక్క గుంజుకే ఇంజను అందుకుంది. పడవ ముక్కు పైకి లేచింది.

"ఎగిరిపోతున్నాం తాతా!" రొజాలియా కేక పెట్టింది.

ముందు కొసన నెరియా మొదలుపెట్టింది. గాలి ఆమె మాటల్ని ముక్కలు చేసి విసిరేస్తోంది. మిగిలింది ఇంజను మోత మింగేస్తోంది.

"ఏమంటోంది?" ఒసేవే గట్టిగా అడిగాడు.

"ఏముంటుంది, రోజూ చెప్పే సోదే! అత్తా, ఇవాళైనా నోటికి సెలవియ్యి!" ఎవరో నవ్వారు.

ఒసేవే పిడి వెనక్కి తిప్పి జోరు తగ్గించాడు. పక్కనే కూర్చున్న జబ్లోన్ ఆయన చేతి మీద చెయ్యేసి మళ్లీ ముందుకు తిప్పాడు.

"భయపడకు మామా. నీకు తెలియని నీళ్లా ఇవి!"

నెరియా లేచి నిలబడింది. రెండు చేతులూ ఊపుతూ గొంతు చించుకుంటోంది. ముసలమ్మ హుషారుగా ఆడుతోందనుకుని జనం చప్పట్లు అందుకున్నారు.

ఒసేవేకు చూపు పోయి రెండేళ్లయిందని ఆ పడవలో ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు.