ముందు చక్రాల పంతం

"నీ బండి ఆ మిట్ట ఎక్కిందా, నా మీసం తీసేస్తా!" అన్నాడు ఓబుళరెడ్డి.

అంత తేలిగ్గా పోయే మీసం కాదది. ఆళ్లగడ్డలో సగం మంది మనిషిని చూడకుండా దానికే దండం పెడతారు. రాజరత్నం మాత్రం తల ఎత్తలేదు. బురద కొట్టుకున్న ముందు చక్రాన్ని గుడ్డతో తుడుస్తూ కూర్చున్నాడు.

పొద్దున ఒకసారి ఎక్కించి చూశాడు. సగం దాకా బాగానే పోయింది. అక్కడ ముందు చక్రాలు గిర్రున తిరిగాయే గాని బండి కదల్లేదు. పైగా మెల్లగా కిందికి జారింది. చూసినవాళ్లంతా ఈలలు వేశారు.

రాజరత్నం నంద్యాల కమలాక్షమ్మ దగ్గర డ్రైవరు. ఆమె భర్త పాండిచేరి నుంచి మోజుపడి తెప్పించుకున్న ఫ్రెంచి కారు అది. తక్కిన కార్లను వెనక చక్రాలు తోస్తాయి. దీన్ని ముందు చక్రాలు లాగుతాయి. యాభై నాలుగులో ఆయన పోయాడు. ఈ రెండేళ్లుగా ఆమె ఆ కారులోనే పొలాలన్నీ తిరిగి సేద్యం చేయిస్తోంది. మరిది ఓబుళరెడ్డికి అది కంట్లో నలుసు. కారు లేకపోతే వదిన ఇంటిపట్టున పడి ఉంటుంది, పొలాలు తన చేతికి వస్తాయి. అదీ ఆయన ఎత్తు.

అందుకే తన కారుకూ ఆ కారుకూ పందెం పెట్టాడు. ఆళ్లగడ్డ పక్కన కోత అయిపోయిన జొన్నచేను. చేను దాటితే మిట్ట. మిట్ట మీద శిల్పుల కొట్టం. దాని ముందర శిల్పి సంజీవయ్య రాతిపొడితో గీత గీశాడు. చేను ఈ చివర బయల్దేరి, ఆ గీత ఏ బండి మొదట దాటితే అది గెలిచినట్టు. రెడ్డి ఓడితే వదిన సేద్యం జోలికి రాడు. ఆమె ఓడితే కారు పాత ఇనుములోకి, పొలాలు మరిది చేతిలోకి. పదిమందిలో పౌరుషానికి పోయి ఆమె సరే అనేసింది.

"ఎద్దులు బండికి ముందుంటాయా, ఎనకుంటాయా అయ్యా?" అన్నాడు రాజరత్నం ఇక ఉండబట్టలేక. "ఇంజను బరువంతా నన్ను లాగే చక్రాల మీదే ఉంటాది. బురదలో అదే పట్టు."

"ఒరేయ్, మిట్ట ఎక్కేటప్పుడు బరువు యాడికి పోతాదిరా? ఎనక్కి గదా! నన్ను తోసే చక్రాలు ఆడనే ఉండాయి. నీయి తేలిపోతాయి."

"నిన్న వాన పడకపోయుంటే..."

"ఆడలేక మద్దెల ఓడనొద్దు."

రెడ్డి చెప్పింది నిజం. రాజరత్నానికి కడుపు మండింది అందుకే.

మధ్యాహ్నం అతను సంగటి తింటున్నాడు. కమలాక్షమ్మ తనే అతని దగ్గరికి వచ్చింది.

"రత్నం, అయితాదా?"

"సూద్దామమ్మా."

"సూద్దామంటే గాదురా. ఓడితే నన్ను ఇంట్లో మూలకు కూర్చోబెడతారు."

ఆమె గొంతు వణికింది. భర్త పోయిన రోజు కూడా ఆ గొంతు వణకగా అతను వినలేదు.

ఆమె పోయాక బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. మిట్ట కేసి చూశాడు. బండి కేసి చూశాడు. నేరుగా ఓబుళరెడ్డి దగ్గరికి నడిచాడు.

"అయ్యా, గీత మొదట దాటిందే గెలిచినట్టు. ఇంకే షరతూ లేదు గదా?"

"లేదు పోరా. కావాలంటే దొర్లించుకుంటా రా."

"పదిమంది ముందర చెప్పండయ్యా."

చెప్పాడు. మీసం మెలేసుకుంటూ మరీ చెప్పాడు.

రాజరత్నం బండి తెచ్చి రెడ్డి కారు పక్కన నిలబెట్టగానే జనం పగలబడి నవ్వారు. పొద్దున అందరి ముందూ జారిన బండాయె, నవ్వరా మరి! "ఏందప్పా, మతి పోయిందా?" అని ఎవరో అరిచారు. రెడ్డి అయితే స్టీరింగు మీద వాలిపోయి నవ్వాడు. రాజరత్నానికి చెవులు కాలిపోయాయి. నవ్వండి నాయనా నవ్వండి, అనుకున్నాడు.

తువ్వాలు ఊపారు.

రెడ్డి కారు జొన్నకొయ్యలు విరుచుకుంటూ దూసుకుపోయింది. రాజరత్నం బండి గీమని అరుస్తోందే గాని వేగం లేదు. గేరు మార్చేదానికి లేదు. ఒక చెయ్యి స్టీరింగు మీద, ఇంకో చెయ్యి పక్కసీటు మీద. మెడ పట్టేసింది. సగం చేను కూడా దాటకముందే రెడ్డి మిట్ట అందుకున్నాడు. అయిపోయింది, అమ్మ నోట్లో మట్టి కొట్టినాను, అనుకున్నాడు రాజరత్నం.

రెడ్డి అదే ఊపులో సగం మిట్ట ఎక్కాడు. అక్కడ చక్రం జారింది. గట్టిగా తొక్కాడు. కారు తోక పక్కకు కొట్టింది. ఇంకా తొక్కాడు. ఇరుసు దాకా దిగబడింది. నల్లరేగడితో పంతం పెట్టుకుంటే అంతే మరి!

రాజరత్నం మిట్ట మొదటికి వచ్చాడు. ఊపిరి బిగబట్టాడు. చక్రాలు ఒక్కసారి జారాయి. దేవుడా! మళ్లీ నేలను పట్టుకున్నాయి. పాదం అంగుళం కదపలేదు. బండి నిదానంగా ఎక్కుతోంది. రెడ్డి కారు పక్కకు వచ్చింది. దాటింది. ఇప్పుడు ఎదుటి అద్దంలో రెడ్డి ముఖం కనిపించింది. నోరు తెరుచుకుని ఉంది. చూస్తుండగానే ఆ ముఖం చిన్నదైపోయింది.

జనంలో నవ్వు ఎప్పుడో ఆగిపోయింది.

"దాటింది! నంద్యాల బండి దాటింది!" సంజీవయ్య గొంతు చించుకున్నాడు. కమలాక్షమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అందరి ముందూ ఏడ్చేసింది.

రాజరత్నం పట్టేసిన మెడ రుద్దుకుంటూ దిగాడు. చేను మొదటి నుంచీ రివర్సు గేర్లోనే వచ్చిన ఆ కారును, బరువంతా తమ మీదే వేసుకుని, మిట్ట మీదికి వెనక నుంచి తోసినవి దాని ముందు చక్రాలే.