తాగిన చెయ్యి

చెంప ఛెళ్లుమన్నాక గానీ, కొట్టింది తనేనని సన్యాసికి తెలియలేదు.

గదిలో బల్లలన్నిటి దగ్గరా నవ్వులు ఒక్కసారిగా ఆగిపోయాయి. ఎదురుగా బక్కోడు చెంప పట్టుకుని బిక్కచచ్చి కూర్చున్నాడు. ఇద్దరి మధ్యా చెక్కముక్కలు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఊపిరి బిగబట్టి ఇద్దరూ కలిసి పేర్చిన గోపురం అది. బక్కోడి మోచెయ్యి తగిలి కూలింది. కూలితే కూలింది, వాడు పొట్ట పట్టుకుని పడీ పడీ నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే సన్యాసి చెయ్యి లేచింది.

"ఏంట్రా ఇది?" అన్నాడు బక్కోడు. వాడి గొంతులో కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది.

"నేను కాదురా... వైను. నాకు వైను ఎక్కేసిందిరా."

ఆ వైను దొంగచాటుగా తాగింది కాదు. విశ్వవిద్యాలయం కుర్రకారు వైను తాగితే ఎలా మెలుగుతారో చూడాలని మనస్తత్వశాస్త్రం మేడమ్ పెట్టిన ప్రయోగం అది. తలా రెండు గ్లాసులు, ఆ తర్వాత జంటలుగా ఆట. గ్లాసులు చేతికివ్వబోయే ముందు, వైను మీద మీ అభిప్రాయమేమిటని ఆవిడ ఒక్కొక్కరినీ అడిగింది. "వైను మందు కిందికి రాదు మేడమ్, మర్యాద కిందికి వస్తుంది," అన్నాడు బక్కోడు. వారాంతం వస్తే చాలు, ఆ మర్యాద పాటించందే వాడికి పొద్దుపోదు. సన్యాసి మాత్రం, "మనిషిని మార్చేస్తుంది," అని ఊరుకున్నాడు. చుక్క ముట్టడు కాబట్టే హాస్టలంతా అతన్ని సన్యాసి అని పిలుస్తుంది. "చదువు కోసం తాగితే పాపం అంటదులేరా," అని బక్కోడే రెక్క పట్టుకుని లాక్కొచ్చాడు.

మేడమ్ గబగబా వచ్చింది. బక్కోడి చెంప చూసింది. సన్యాసి కళ్లలోకి చూసింది.

"ఆట చాలు. ఇద్దరూ దూరంగా కూర్చోండి. నేను చెప్పేదాకా నడవ దాటి వెళ్లొద్దు."

కూర్చోవడం సన్యాసి వల్ల కాలేదు. మోకాలు దానంతటదే ఊగుతోంది. ఒళ్లంతా సెగలు. లేచి కిటికీ దాకా వెళ్లాడు, వెనక్కి వచ్చాడు, మళ్లీ వెళ్లాడు. కుడిచెయ్యి జేబులో పెట్టుకున్నాడు, తీశాడు. ఎక్కడ పెట్టినా ఆ చెయ్యి పరాయిదానిలాగే ఉంది. అరచెయ్యి ఇంకా చురచురలాడుతోంది. ఇక లాభం లేదని నడవలోకి వచ్చి వాళ్లమ్మకి ఫోన్ చేశాడు.

"అమ్మా, తాగాను."

అవతల ఏదో గిన్నె కింద పెట్టిన చప్పుడు వినిపించింది. "ఎవర్ని కొట్టావు?"

కొట్టానని తను చెప్పనే లేదు.

"బక్కోణ్ణి," అన్నాడు చివరికి.

"చెంప మీదా, చెవి మీదా?"

"చెంప మీద."

"చెవి కాదు కదా, బతికించావు. చల్లటి నీళ్లలో గుడ్డ తడిపి పెట్టు. రుద్దకు, ఊరికే అద్దు. వాపు రాదు."

ఆ మాటలు ఆవిడ నోట ఎంతో అలవాటుగా వచ్చాయి.

"అమ్మా, నాకు భయంగా ఉంది. నేను కూడా..."

"ఛ, నోర్ముయ్. కొట్టింది నువ్వు కాదు నాన్నా, మందు. మీ నాన్నా అంతేగా? దిగాక ఎంత మంచి మనిషి! నా చెయ్యి పట్టుకుని ఏడుస్తాడు కూడా. నువ్వు మాత్రం జన్మలో ఇంక దాని జోలికి పోకు. పోకపోతే నీకేం కాదు. సరేనా?"

"పోనమ్మా."

"నామీద ఒట్టేనా?"

"ఒట్టే."

ఫోన్ పెట్టేసేసరికి గుండెల మీంచి బండ దించినట్టయింది. ఇంతేనా! ముట్టుకోకపోతే చాలు. రేపట్నుంచి మళ్లీ పాత సన్యాసే. జేబురుమాలు కుళాయి కింద తడిపి తీసుకెళ్లి, బక్కోడి చెంప మీద మెల్లగా అద్దాడు.

"తాగి కొట్టానురా. ఏమీ అనుకోకు."

"పోనీలేరా, మొదటిసారి కదా. మా బాబాయి మొదటిసారి తాగిన రోజున సొంత స్కూటర్ని పక్కింటాయనదనుకుని, తోసుకుంటూ వెళ్లి ఆయనకి అప్పజెప్పి వచ్చాడు." బక్కోడు నవ్వబోయి, చెంప సలిపి ఆగిపోయాడు. "చెయ్యి మాత్రం గట్టిదేరా నీది."

అంతలో మేడమ్ చేతిలో చిన్న యంత్రంతో వచ్చింది. రోడ్డు మీద బళ్లు ఆపి పోలీసులు ఊదించే లాంటిదే. బయటికి వెళ్లేవాళ్లు అందులో ఊది వెళ్లాలి. బక్కోడు ఊదాడు. తర్వాత సన్యాసి ఊదాడు.

"ఇంకోసారి," అంది మేడమ్.

మళ్లీ ఊదాడు. ఆవిడ యంత్రం వంక చూసింది, అతని వంక చూసింది.

"ఎలా వచ్చారు మీరిద్దరూ?"

"నా బండి మీదే మేడమ్," అన్నాడు బక్కోడు.

"దాన్ని ఇక్కడే వదిలేసి నడిచి పోతాంలెండి," అన్నాడు సన్యాసి. "నాకింకా కాళ్లు తేలిపోతున్నాయి."

మేడమ్ బక్కోణ్ణి అడిగి బండి తాళం తీసుకుంది. దాన్ని సన్యాసి చేతిలో పెట్టింది.

"బండి నువ్వే తోలు బాబూ. వైను పోసింది ఇతని గ్లాసుల్లో. నీకు పోసినదాంట్లో మత్తు చుక్క కూడా లేదు."