మితవాదుల సంఘంలో ఉరుము

“ఆ చొక్కా మార్చుకుంటేనే నువ్వు మాతో వచ్చేది,” అన్నాడు మాస్టారు, మెట్లకు అడ్డంగా నిలబడి.

చొక్కా మీద మెడ నుంచి నడుము దాకా పచ్చటి గంజాయి ఆకు. ఆకు పైన నవ్వుతున్న ముఖం. ఆ కుర్రాడి అసలు పేరు ఎవరూ అడగలేదు. గొంతు విని, సంఘంలో అందరూ అతన్ని ఉరుము అనేవారు.

“ఆకు కోసం పోరాడుతూ ఆకునే దాచుకోమంటారేంటి మాస్టారూ? పెళ్లికి బయల్దేరి పెళ్లికొడుకుని ఇంట్లో వదిలేసినట్టుంది.”

“మనం పోరాడేది ఆకు కోసం కాదు నాయనా. చుక్కల మందు కోసం.”

 కుట్టుమిషను దగ్గర టైలరమ్మ ఒక తెల్ల చొక్కాకు చివరి బొత్తాం కుట్టి, దారం పళ్లతో తెంపింది. గుడ్డముక్కల గుట్ట మీద ఆమె కూతురు రంగు పీలికలతో జడ అల్లుకుంటోంది. ఆ పిల్లకు మూర్ఛలు. ఉన్న మందులన్నీ వాడి చూసిన డాక్టరు, గంజాయి మొక్క నుంచి తీసే చుక్కల మందు పనిచేయవచ్చని చెప్పాడు. దాన్ని తెప్పించడానికి చట్టం ఒప్పుకోదని కూడా చెప్పాడు. టైలరమ్మ సంఘం పెట్టింది అందుకే.

మొదట్లో ఆమె కోపంతో చాలా అడగాలనుకుంది. మాస్టారు పక్కన కూర్చుని, ఒక్కొక్క మాటే తగ్గిస్తూ వచ్చాడు. నారింజ తొన మీద పొర తీసినంత ఓపికగా ఒలిచి ఒలిచి, చివరికి ఇద్దరూ ఒక చిన్న కోరిక మిగిల్చారు: రోగికి, డాక్టరు చీటీ మీద, మందుగా మాత్రమే.

ఆ చిన్న కోరికను కూడా చట్టాన్ని పరిశీలించే కమిటీ కొండను చూసినట్టు చూసింది. ఇది తెగింపు అన్నాడు ఒక సభ్యుడు. ఇవాళ చుక్కలంటారు, రేపు చుట్టలంటారు అన్నాడు ఇంకొకడు. నవ్వన్నదే ఎరగని అధ్యక్షురాలు కళ్లద్దాల పైనుంచి చూసి, ఒకే ఒక్క ప్రశ్న వేసింది.

“ఇంతకంటే ఎక్కువ అడిగేవాళ్లు మీలో ఎవరూ లేరా?”

“లేరండీ,” అంది టైలరమ్మ గర్వంగా. “మేమందరం మితంగానే అడుగుతాం.”

అధ్యక్షురాలు పెదవి విరిచి, విచారణ వాయిదా వేసింది. ఆ విరుపు తలుచుకున్నప్పుడల్లా టైలరమ్మ అర్జీ కాగితం తీసి మళ్లీ చదువుకునేది. ఇంకెంత తగ్గించి అడగాలి? తగ్గించడానికి ఇంకేం మిగిలింది?

ఆ దిగుల్లో ఉండగానే ఎక్కడి నుంచో ఊడిపడ్డాడు ఉరుము. పేపర్లో చదివి వచ్చానన్నాడు. కుర్చీలు సర్దాడు, కరపత్రాలు పంచాడు, పిల్లకు గుర్రమై గదంతా తిరిగాడు. మంచివాడే, నోరు తెరవనంతసేపూ. తెరిస్తే మాత్రం బడ్డీ కొట్టుకో మొక్క, బస్టాండుకో తోట అంటూ మొదలెట్టేవాడు. మాస్టారు లేచి కిటికీలు మూసేవాడు.

టైలరమ్మ తెల్ల చొక్కా దులిపి, ఉరుము చేతికిచ్చింది.

“ఇది తొడుక్కో తమ్ముడూ. ఇవాళ విచారణలో మాత్రం నోరు తెరవకు. నా బిడ్డ కోసం అడుగుతున్నా.”

అతని నవ్వు ఒక్క క్షణం ఆగింది. పచ్చ చొక్కా మీదే తెల్ల చొక్కా తొడుక్కుని, మెడ దాకా బొత్తాలు పెట్టుకుని, బుద్ధిమంతుడిలా మెట్లు దిగాడు.

కమిటీ గదిలో టైలరమ్మ చక్కగా మాట్లాడింది.  అయినా సభ్యుల ముఖాలు కరగలేదు. తెగింపు అన్నవాడు మళ్లీ అదే మాట ఎత్తుకోబోయాడు. అధ్యక్షురాలు అతన్ని చేత్తో ఆపి, ఇంకెవరైనా మాట్లాడతారా అని వెనక వరస దాకా చూసింది.

ఉరుము కుర్చీ ఎక్కాడు. తెల్ల చొక్కా బొత్తాలు టపటపా ఊడాయి. లోపలి నుంచి ఆకు విచ్చుకుంది.

“చుక్కలెందుకండీ, తోటలివ్వండి. డాక్టర్లొద్దు, చీటీలొద్దు, ఎవడింటి పెరడు వాడిష్టం. మీ బల్ల మీదున్న పూలకుండీతోనే మొదలెడదాం.”

చివర కూర్చున్న సభ్యుడు గబుక్కున పూలకుండీని ఒళ్లోకి లాక్కున్నాడు. మాస్టారు తల రెండు చేతుల్లో దాచుకున్నాడు. టైలరమ్మ కూతుర్ని దగ్గరికి లాక్కుంది. బంట్రోతులు ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని ఉరుమును బయటికి నడిపించారు. మెట్లు దిగినంతసేపూ అతను బడ్డీ కొట్టుకో మొక్క, బస్టాండుకో తోట అని అరుస్తూనే ఉన్నాడు.

 తెగింపు అన్న సభ్యుడు ముఖం తుడుచుకున్నాడు.

“అమ్మా, మీ కాగితం మళ్లీ ఒకసారి ఇలా ఇవ్వండి.”

కాగితం చేతులు మారింది. డాక్టరు చీటీ ఉండాలనడం ఎంత బాధ్యతో అన్నాడు ఒకడు. చుట్టలని భయపడినవాడు, అడిగితే ఈ తల్లిలా అడగాలన్నాడు. చేతులు ఒక్కొక్కటే లేచాయి. అన్నిటికంటే చివర, తప్పదన్నట్టు, అధ్యక్షురాలి చెయ్యి కూడా లేచింది. చట్టం మార్చాలన్న సిఫారసు ఖాయమైంది.

వరండాలో టైలరమ్మ కూతుర్ని ఎత్తుకుని, నవ్వుతూ ఏడ్చింది. మితం గెలిచిందమ్మా అన్నాడు మాస్టారు, కళ్లజోడు తుడుచుకుంటూ. ఆమె ఉరుము కోసం వెతికింది.

“కనబడితే నాలుగు తిడతానో, నెత్తిన పెట్టుకుంటానో నాకే తెలీడం లేదు మాస్టారూ.”

కనబడలేదు. సాయంత్రం దాకా చూసి, ముగ్గురూ ఇంటిదారి పట్టారు.

వాళ్లు మలుపు తిరిగాక, భవనం వెనక వీధిలో ఆగి ఉన్న కారు తలుపు తీసుకుని ఉరుము లోపల కూలబడ్డాడు. గొంతు పూర్తిగా పోయింది. పక్క సీటులోంచి ఒక చెయ్యి ఫ్లాస్కు మూత తిప్పి, అతని ముందుకు చాచింది.

“బాగా అరిచావు అల్లుడూ, వేడినీళ్లు తాగు,” అంది అధ్యక్షురాలు.