వలయంలో చోటు

"'ఆ తుంగలోకి దీన్నెవరు పొమ్మన్నారు' అని మీ అమ్మే అంది కదే! మధ్యలో నా మీద పడతావేం?" అని గంగత్త చెంగి మీద గయ్యిమంది.

ఇద్దరూ ముక్కు కింద సంచి ఉండే గూడబాతులే. ముందురోజు తుంగపొదల్లో దండుపెద్ద చెంగి మెడ అదిమిపట్టి బలవంతం చేశాడు. చెంగి ఆ సంగతి అందరి ముందూ చెప్పేసింది.

గూడబాతులు చేపల్ని కలిసే పడతాయి. అందరూ వలయం కడతారు, పెద్ద మొదటి రెక్క కొడతాడు, తర్వాత అందరూ కొట్టి చేపల్ని మధ్యకి తోలతారు. వలయంలో చోటుంటేనే తిండి.

"వాడు లేకపోతే మొదటి రెక్క నువ్వు కొడతావా?" అంది గంగత్త.

"ఎవరు కొట్టినా చేపలు బెదురుతాయత్తా."

"సంచంత నోరుందని ఏదైనా వాగడమేనా!"

అందరూ నవ్వారు. పెద్ద మొదటి రెక్క కొట్టాడు. చెంగి తన చోటుకి వెళ్లేసరికి అటువాళ్లు కాస్త, ఇటువాళ్లు కాస్త జరిగి ఆ ఖాళీని మూసేశారు. పొమ్మని ఒక్కరూ అనలేదు.

చెంగి మూడు రోజులు ఒంటరిగా ముక్కు ముంచింది. చేపలన్నీ పక్కనించి జారిపోయాయి.

నాలుగోరోజు దాని ఈడుదైన తుంపి దగ్గరికొచ్చింది. "నన్నూ అలాగే చేశాడే. నా పేరు మాత్రం ఎత్తకు," అని గొణిగి, గబగబా వలయంలోకి పోయింది.

చెంగి ఆ పేరు ఎత్తలేదు. నీరసంగా వలయం దగ్గరికి ఈదుకుంటూ వచ్చి, "నా మాట మార్చను. ఆకలేస్తోంది, జరగండి," అంది.

తుంపి తల దించుకుంది. దాని పక్కన ఉన్నది మీరే అనుకోండి. జరుగుతారా?