ఏడో పెట్టె

వంక పొంగి కాలేజీ ఎలుకల గదిలోకి మోకాలెత్తు నీళ్లొచ్చిన యేడు అది.

నీళ్లు తీసిన పదైదు దినాలకు శ్రీరంగప్ప ఏడో పెట్టె ముందర గోతాం పట్టుకొని నిలబడినాడు. ఎలుకల కింద పరిచిన పాత వరిపొట్టును చేనికి ఎరువని ఎత్తుకపోయే ముసలాయన. అంతకుమించి ఆయన సంగతి ఎవరూ అడగలేదు.

"సారూ, ఈ పెట్టెలోవి ఆ జాతివి కావు."

వీరేష్ తలెత్తలేదు.

మూడేండ్లుగా ఆ ఎలుకల మీదే చదువుతాండాడు. ఒక జాతి ఎలుకల్లో, ఒంటిని కాపాడే కణాలే సొంత వీర్యకణాలను పరాయివనుకొని చంపుతాయి. ఇంకో జాతిలో ముట్టవు. ఎందుకని? అది తేలితేనే అతనికి డాక్టరేట్ పట్టా.

రెండు జాతులూ తెల్లవే. పెట్టెకుండే చీటీయే గుర్తు.

"చీటీ చూడు తాతా."

"నాకు చదువు రాదు సారూ. పొట్టు వాసన వేరేగా ఉండాది. వాన దినం పెట్టెలు మిద్దెకెక్కిస్తిరి కదా, చీటీలు మారింటాయి."

కొత్తగా పనిలో చేరిన జాకబ్ పకపకా నవ్వినాడు.

"ఎలుక ఉచ్చ చూసి జాతకం చెప్తాండాడే!"

వీరేష్‌కు విసుగొచ్చింది.

"రేప్పట్నుంచి గేటు కాడే ఉండు. పొట్టు బయటికే తెచ్చిస్తారు."

ముసలాయన గోతాం మడుచుకొని పోయినాడు. మళ్లా రాలేదు.

ఆర్నెల్లకు లెక్క అడ్డం తిరిగింది. ముట్టకూడని జాతిలో సగం ఎలుకలకు వీర్యకణాలు చచ్చినాయి. వీరేష్ తోక ముక్కలు కోసి జాతి తేల్చే పరీక్షకు పంపినాడు.

ఒక సాయంత్రం జవాబొచ్చింది. ఏడో పెట్టెలోవి వేరే జాతివి. వాటి పిల్లలను అప్పటికే ఐదు పెట్టెల్లో జత కట్టించినారు.

తెల్లారి వీరేష్ ముసలాయన ఊరు బుక్కరాయసముద్రం పోయి ఇల్లు వెతికి పట్టుకున్నాడు. ముసలాయన భార్య అంజనమ్మ వాకిట్లో కూలికి శెనక్కాయలు ఏరతాండాది.

"తాతను పిల్చుకపోదామని వచ్చినా అవ్వా. మిగిలినవాట్లో అసలు జాతి ఏదో ఆయనే చెప్పాల."

"పోయి మూడు నెలలాయ నాయనా."

వీరేష్ అరుగు మీద కూర్చున్నాడు. ఏదో ఒకటి అడగాలని అడిగినాడు.

"చేను ఎవరు చూస్తాండారు?"

"మాకు చేను యాడిది? ఆ పొట్టు తెచ్చి వంకలో పారబోసేవాడు."

"మరి ఎందుకు వచ్చేవాడు?"

"వాటిని చూసేదానికి ఇంకో దారి లేక. చీటీలు చదవలేడని పనిలోంచి తీసేసినారు గానీ, ఆ ఎలుకల మొదటి జతను బెంగుళూరు నుంచి రైల్లో ఒళ్లో పెట్టుకొని తెచ్చి, ఇరవై ఏండ్లు సాకినోడు ఆయనే కదప్పా."