క్లచ్ మీద కాలు

డ్రైవింగ్ స్కూల్లో భార్యాభర్తలు ఒకేరోజు చేరారు. నర్సుగా పనిచేసే ఆవిడ ఆటోమేటిక్ కారు ఎంచుకుంది. ఆయన గేర్ల కారే కావాలన్నాడు. ఆయనకు కొత్తగా వచ్చిన మందుల పంపిణీ ఉద్యోగంలో ఇచ్చేది గేర్ల వ్యాను. మూడు వారాల తర్వాత వచ్చే సోమవారానికల్లా లైసెన్సు చూపిస్తేనే ఉద్యోగం.

"క్లచ్ లేనిది కూడా ఒక కారేనా? నీదంతా బొమ్మకారు వ్యవహారం," అని రోజూ ఏడిపించేవాడు.

"బొమ్మదైతేనేం, నన్ను ఆస్పత్రికి చేరిస్తే చాలు," అనేది ఆవిడ.

ఇరవై రోజుల పాఠాల్లో ఆయన కారు ఒక్కసారీ ఆగిపోలేదు. ఎత్తు రోడ్డు మీదా అంతే, రద్దీలోనూ అంతే.

"పుట్టుకతోనే వచ్చిన విద్య మాస్టారూ," అనేవాడు. పక్కసీట్లో మాస్టారు తల ఊపేవారు.

శుక్రవారం పరీక్ష. ఆవిడ పది నిమిషాల్లో నెగ్గి బయటికొచ్చింది. ఆయన వంతు వచ్చేసరికి అధికారి మాస్టారిని దిగమని, ఆ సీట్లో తాను కూర్చున్నాడు. కారు ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయింది. మళ్లీ స్టార్ట్ చేస్తే మళ్లీ ఆగింది. మూడోసారికి అధికారి కాగితం మీద అడ్డగీత గీసి దిగిపోయాడు.

"నిన్నటిదాకా బాగానే ఉంది కదా! బండికేమైంది మాస్టారూ? సోమవారం వాళ్లకేం చూపించను?"

మాస్టారు గొంతు తగ్గించారు. "బండికేం కాలేదు సార్. నా వైపు కూడా ఒక క్లచ్ ఉంటుంది. మీరు నొక్కడం మర్చిపోయినప్పుడల్లా నేనే నొక్కేవాణ్ణి. నడిరోడ్డులో ఆగితే వెనకాల వాళ్లు తిడతారని..."

"రోజుకెన్నిసార్లు?" అంది ఆవిడ.

"ప్రతిసారీనమ్మా."

ఆవిడ భర్త వైపు తిరిగింది. "అయితే ఇన్నాళ్లూ మీరు నడిపిందీ ఆటోమేటికేనన్నమాట."