వెనక టైరు

కోడి కూయకముందే శాంతవ్వ గాలిపంపు పట్టుకుని వాకిట్లోకి వచ్చింది. అనుకున్నట్టే కారు ఎడమ పక్క వెనక టైరు నేల కరుచుకుని ఉంది.

"నీ కడుపు కాల! నిన్న పొద్దుగాలనే గదా నింపితిని" అని టైరును తిట్టి, కొంగు నడుముకు చెక్కి పంపు కొట్టడం మొదలుపెట్టింది.

ఆ గాలి ఎక్కడ పోతుందో తెలియదు. మేకు దిగిన జాడ లేదు. సబ్బు నీళ్లు పోసి చూసింది. వాల్వు మీద ఉమ్మి రాసి చూసింది. బుడగ రాలేదు. పగలంతా బిర్రుగా ఉండి, రాత్రికి సన్నసన్నగా దిగిపోయి, తెల్లారేసరికి చప్పబడుతుంది.

"చక్రం విప్పి తేవాలె వదినా. ట్యూబు నీళ్లల్ల ముంచితేగానీ తెల్వది" అన్నాడు పంక్చర్ షాపాయన.

స్టెప్నీ ఎప్పుడో పోయింది. చక్రం విప్పితే కారు ఇటుకల మీద నిలబడాలి. ఆ ఒక్క పూట చాలు బావ గంగాదాస్‌కు.

భర్త దేవన్న ఆ అంబాసిడర్‌ను పెళ్లిళ్లకు కిరాయికి తిప్పేవాడు. ఆయన పోయాక, బావ పట్టుబట్టి ఇల్లు పంచాడు. వాకిలి దగ్గర పేచీ తెగలేదు. చివరికి పెద్దమనుషులు ఒక మాట చెప్పారు. కారు బండిగా ఉన్నన్నాళ్లు వాకిలి శాంతవ్వది. అది తుక్కయిన నాడు గంగాదాస్ అక్కడ పసుపు కొమ్ములకు గోదాం కట్టుకోవచ్చు.

గోదాం లేచిందంటే శాంతవ్వ గుమ్మానికి అడ్డంగా గోడే. బజారుకు పోవాలంటే ఇంటి వెనక మురుగు కాలువ పక్క నుంచి ఒదిగి పోవాలి.

అందుకే కారును అద్దంలా ఉంచుతుంది. పోయిన ఎండాకాలం నవీపేట్ నుంచి తమ్ముడు తుకారాం వచ్చి, తీసుకుపోయి, కొత్త రంగు కూడా వేయించి ఒక రాత్రివేళ తెచ్చి నిలబెట్టాడు. డ్రైవర్‌ను పెట్టరాదా అని అడిగినవాళ్లకు శాంతవ్వది ఒకటే జవాబు.

"నా బిడ్డ పదో తరగతి చదువుతున్నది. పద్దెనిమిది నిండనీ. లైసెన్సు తీసి అదే నడుపుతది."

ఆడపిల్ల కారు నడపడమా అని ఆర్మూరు నవ్వింది. నవ్వనీ అనుకుంది శాంతవ్వ.

టైరు బిగిసింది. పంపును మక్క చొప్ప కింద దాచి, సానుపు చల్లి, కారు చుట్టూ ముగ్గు వేసింది. చివరి గీత గీస్తుండగానే గంగాదాస్ వచ్చాడు. వెంట పెద్దమనిషి హన్మాండ్లు పటేల్.

"బాగున్నవా బిడ్డా?" అన్నాడు హన్మాండ్లు. "మీ తమ్ముని నసీబు మంచిగున్నది పో. గీ కరువుల, కరెంటు లేక నవీపేట్ దిక్కు వరంత ఎండితే, ఆయన మడి ఒక్కటే పచ్చగున్నదట."

"గోదారి పక్కకే గదా కాకా. పంటకు ఇన్ని బియ్యం పంపుతడు. నేను, నా బిడ్డ తింటున్నం."

గంగాదాస్‌కు ఈ ముచ్చట్లు పట్టలేదు. వంగి వెనక టైరు చూశాడు. బిర్రుగా ఉంది. మొహం మాడింది.

"ఇంకింత ముందుగాల వస్తే సూపిస్తుంటి పటేలా! అప్పడం లెక్క ఉంటది. ఈమెనే గాలి కొడుతది!"

"కొడుత. నా బండికి నేను కొడుత. నీ ఎడ్లకు నువ్వు గడ్డి వెయ్యవా బావా?"

హన్మాండ్లు మీసాల్లో నవ్వాడు. గంగాదాస్‌కు అది ఇంకా మండింది.

"గాలి ఉంటే నడిచినట్టేనా? దమ్ముంటే స్టార్ట్ చెయ్యమను!"

శాంతవ్వ కొంగు ముడి విప్పింది. తాళంచెవి తీసి, అరచేతిలో పెట్టి చాపింది.

"నేనెందుకు? నువ్వే చెయ్యి బావా."

గంగాదాస్ చెయ్యి ముందుకొచ్చింది.

"జర ఆగు. పంపకాలనాడు ఏమన్నవ్? 'నా మాట కాదని కొన్న కారు, సచ్చేదాక దాన్ని ముట్ట' అని పోచమ్మ ముంగట పిడికిట్ల పసుపు పట్టి ఒట్టు తిన్నవ్. పసుపు పండిచ్చేటోనివి. పసుపు మీది ఒట్టు తప్పుతవా? తప్పుతే పట్టు తాళం."

చాచిన చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. చేనులో ఆ ఏటి పసుపు ఇంకా తవ్వనే లేదు.

"పటేలా, నువ్వన్న చెయ్యి."

"నాకు ఎడ్లు తోలుడు తప్ప ఏమొస్తదిరా?"

"అయితే బస్టాండ్ కాడికెల్లి డ్రైవర్‌ను పిలుస్త!"

"పిలువు. పదిమందిని పిలువు" అంది శాంతవ్వ. "బండి స్టార్ట్ అయిందనుకో, గీ ముగ్గు మీదనే అందరి ముంగట నువ్వు ముక్కు నేలకు రాయాలె. ఒప్పుకుంటవా? ఒప్పుకుంటే ఇప్పుడే పిలువు."

తాళంచెవిని ఇంకా చాచే ఉంచింది. కళ్లు దించలేదు.

గంగాదాస్ తాళంచెవిని చూశాడు. ఆమెను చూశాడు. వీధిలోకి చూశాడు. చీపుళ్లు పట్టుకున్న ఆడవాళ్లంతా ఊడవడం ఆపి ఇటే చూస్తున్నారు.

"గీ మొండిదానితోని ఎవడు పడుతడు?" అని గొణిగి, కండువా దులుపుకుని తన ఇంట్లోకి పోయాడు.

హన్మాండ్లు పోతూ పోతూ బానెట్ మీద ఆప్యాయంగా తట్టాడు. "బండి గట్టిగనే ఉన్నది బిడ్డా. జాగ నీదే. ఇగ వానికి నేను చెప్త."

శాంతవ్వ తాళంచెవిని మళ్లీ కొంగున ముడేసుకుంది. గంగాదాస్ కాలికి చెదిరిన ముగ్గు గీతను దిద్దింది. టైరును ఒకసారి వేలితో నొక్కి చూసుకుంది.

ఆ కారు ఇంజను మాత్రం పోయిన ఎండాకాలం నుంచీ నవీపేట్‌లో తుకారాం వరిమడికి గోదావరి నీళ్లు ఎక్కిస్తోంది.